అరువు గొంతు

మార్చి పదహారు, ఆదివారం. ఆ మధ్యాహ్నం తన ఇంట్లో ఏమేం వండారో వెంకటనారాయణకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. తోటలో ఆ ఏటి తొలి కాయలు కోయించి చేసిన మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, మజ్జిగ. వడ్డించింది ఆయనే. కూతురు సాహిత్య రెండుసార్లు పప్పు కలుపుకుంది. ఆమె పక్కన కూర్చున్న కళావతి మాత్రం పప్పు గిన్నెను రెండు వేళ్లతో మెల్లగా పక్కకు జరిపి, "మాకింకా పండుగ కాలేదు సార్" అంది. మజ్జిగన్నంలో చల్లమిరపకాయ నంజుకుని లేచింది.

పర్ణశాల దాటి అడవిలోకి పోతే వచ్చే తునికిలొద్ది ఆ పిల్ల ఊరు. ఊరంతా ఒకచోట చేరి కొత్త మామిడికాయను వేల్పుకు పెట్టుకునేదాకా అక్కడ పసిపిల్లలు కూడా కాయ కొరకరు.

ఆ పిల్ల తినలేదు, నేను చూశాను. ఈ ఒక్క ముక్క చెప్పాలని ఆయన పొద్దుటి నుంచీ అనుకుంటున్నాడు. కానీ ఏప్రిల్ పదిహేడు, గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఆయన ఇంటి వరండాలో ఆ మాట వినే స్థితిలో ఎవరూ లేరు.

"మూడు దినాలాయె సారూ" అన్నాడు దూలయ్య. కళావతి తండ్రి. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తునికిలొద్ది నుంచి పెనుబల్లి దగ్గరి ఈ ఊరికి నూరు కిలోమీటర్ల పైన, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బండి మీద వచ్చాడు. కనుబొమ్మల నిండా ఎర్రదుమ్ము. "సోమవారం మాపటేల పోయింది. భద్రాచలం బస్టాండ్ల చూసినం. చుట్టాల ఇండ్లన్ని తిరిగినం. ఫోన్ చేస్తే స్విచాఫ్. పోలీస్ స్టేషన్ల కాయితం ఇచ్చి వచ్చిన. చూస్తమన్నరు."

"గోదారి ఒడ్డు పొంటి గూడ తిరిగినవు గదరా. అది జెప్పవేంది?" అంది మెట్టు మీద కూర్చున్న అతని తల్లి నాగక్క. కుర్చీ వేస్తే వద్దని అక్కడే కూర్చుంది.

దూలయ్య తల దించుకున్నాడు.

"ఎందుకు పోయిందో గూడ జెప్పు."

"కొట్టిన" అన్నాడు. "అందరి ముంగట కొట్టిన సారూ."

వెంకటనారాయణ తమ్ముడు జయప్రకాశ్ గుమ్మంలో అసహనంగా కదిలాడు. సత్తుపల్లిలో ఎరువుల కొట్టు మధ్యలో వదిలేసి వచ్చాడతను. వేళ్లకు ఇంకా యూరియా పొడి అంటుకునే ఉంది.

"ఫోన్ల వీడియో చూయించిండ్రు మా పోరగాండ్లు" దూలయ్య చెప్పుకుపోయాడు. "గొంతు నా బిడ్డది. మెడల పూసలు మా అమ్మవి. మొకానికి తువ్వాల. పండుగ కాకముందే కాయ తెంపి కొరికి, పళ్లు జివ్వుమంటున్నయని నవ్వుతున్నది. పెద్దలు పిలిచి అడిగితే ఏమన్నది? గొంతు నాదే, తిన్నది నేను కాదన్నది. గట్లెట్లుంటది సారూ? గొంతు ఒకరిది, నోరు ఒకరిది ఉంటదా?"

ఎలా ఉంటుందో నిన్ననే వెంకటనారాయణకు తెలిసింది. సాహిత్య నోటితోనే విన్నాడు.

"తిన్నదెవరో వచ్చి చెప్పేదాక పండుగ లేదన్నరు పెద్దలు. రేపు పొద్దుగాల మళ్ల కూసుంటరు. కాయలు రాలి పాడైతున్నయి. పిల్లలు చెట్ల కిందికెళ్లి చూస్తున్నరు గాని ఒక్కడు ముట్టడు." దూలయ్య లోపలి గుమ్మం వైపు చూశాడు. "నీ బిడ్డ దాని దోస్తు గదా. ఏమన్న ఎరుకనేమోనని వచ్చినం. ఒక్కసారి పిలువుండ్రి."

"అమ్మాయికి ఒంట్లో బాగాలేదు" అన్నాడు జయప్రకాశ్, అన్న నోరు విప్పేలోపే. "కూర్చో దూలయ్యా. మంచినీళ్లు తెస్తాం." అన్న మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. అంత ఆదుర్దాలోనూ దారిలో చెయ్యి చాచి వరండా ఫ్యాను స్విచ్ వేశాడు. నాగక్క నెత్తి మీద గాలి తిరిగింది. వెంకటనారాయణ అది చూశాడు. తమ్ముడి మీద రావలసిన కోపం సగం అక్కడే ఆగిపోయింది.

హాల్లోకి రాగానే జయప్రకాశ్ గొంతు తగ్గించాడు.

"నువ్వు నోరు తెరిచావంటే మనం అయిపోయినట్టే అన్నయ్యా."

"ఆ పిల్ల కనపడటం లేదురా."

"కనపడుతుంది. చదువుకున్న పిల్ల, ఎక్కడో ఫ్రెండు రూములో ఉంటుంది. నువ్వు ముందు మన సంగతి చూడు. నాన్న కృష్ణా జిల్లా నుంచి నెత్తిన మూటతో వచ్చాడు. అరవయ్యేళ్లు దాటింది. ఇవాళ్టికీ అడవి వైపు పోతే మనల్ని ఏ పేరు పెట్టి పిలుస్తారో నీకు తెలుసు. వాళ్ల చీర కట్టి, వాళ్ల పూసలు వేసుకుని, వాళ్ల పండుగ చెడగొట్టింది నీ కూతురని తెలిస్తే ఊరుకుంటారా? కేసు పెడతారు. కేసుతో పోతే అదృష్టం."

"పెడితే పెట్టనీ."

"ఏంటి పెట్టేది? రేపు దానికి ఉద్యోగం రావద్దా? ఆ అకౌంటు ఇవాళే తీసేయించు. పేరు, వీడియోలు ఏవీ మిగలకూడదు. ఎవరో ఏదో చేశారు, మాకు తెలియదు. అంతే."

వెంకటనారాయణ గోడ మీది భార్య ఫోటో వైపు చూడలేదు. చూస్తే మాట పెగలదని తెలుసు.

"మీ వదిన పోయినప్పుడు పదకొండు రోజులూ ఈ ఇంట్లో అంట్లు తోమింది ఎవర్రా?"

జయప్రకాశ్ వేళ్ల మీది యూరియా పొడి దులుపుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ల పిల్ల. హాస్టల్లో నా కూతురి పక్క మంచం. ఎవరూ రమ్మనలేదు. దానితో పాటు బస్సెక్కి వచ్చేసింది. నేను అన్నం తినకపోతే కంచం దగ్గర నుంచి లేచేది కాదు."

"నాకు గుర్తులేక కాదు అన్నయ్యా" అన్నాడు జయప్రకాశ్. "నాకు భయంగా ఉంది."

ఆ ఒక్క మాటలో అన్నదమ్ములిద్దరికీ తేడా లేదు.

*

సాహిత్య తన గదిలో నేల మీద కూర్చుని ఉంది. చార్జరు తీగ ఎంత దూరం వస్తే అంత దూరంలో ఫోను పట్టుకుని, గోడకు చేరగిలబడి. పక్కన పొద్దుటి ఇడ్లీలు ప్లేటులో ఎండిపోయాయి.

"నాన్నా, తలుపు దగ్గరికి వేసి ఇలా రా. ఎవరో చదువుతున్నారు."

"ఏం చదువుతున్నారమ్మా?"

"మెసేజ్‌లు." ఆమె ఫోను చూపించింది. పైన 'మోదుగుపూవు' అని ఆ అకౌంటు పేరు. కింద పొడవాటి వరస. "కొత్తవి దట్టంగా నల్లగా ఉంటాయి. తెరిచి చదివితే మామూలుగా అయిపోతాయి. నేను పొద్దుటి నుంచీ ఒక్కటి కూడా తెరవలేదు. భయమేసి. కానీ ఇవి చూడు, పైనుంచి ఒక్కోటీ మామూలుగా అవుతున్నాయి. ఈ అకౌంటు పాస్‌వర్డ్ తెలిసింది నాకూ కళకూ మాత్రమే. కాల్ చేస్తే స్విచాఫే వస్తోంది, కాల్స్ రాకుండా పెట్టి నెట్ మాత్రం వాడుతున్నట్టున్నారు."

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఆయన చూస్తుండగానే ఒక పేరు మీది నలుపు తగ్గింది. కాసేపు ఆగి, దాని కిందిది. ఎక్కడో ఒక వేలు ఒక్కొక్కటే నొక్కుతోంది.

"ఏం రాశారు అందులో?"

సాహిత్య ఒకటి తెరిచింది. ఆయన రెండు వాక్యాలు చదివి కళ్లజోడు తీసేశాడు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పిన మనిషి. పిల్లలు బల్లల మీద చెక్కిన బూతులు చూడకపోలేదు. ఇవి అవి కావు.

"ఇలాంటివి వెయ్యి దాకా ఉన్నాయి నాన్నా. వాళ్ల ఊరివాళ్లవి కావు. ఎక్కడెక్కడివాళ్లో. అడవిపిల్ల తన పండుగ నియమాన్ని తనే తప్పిందని ఎవరో రాశారు. అంతే, పట్టుకున్నారు. తిన్నది నేను. చదువుతున్నది అది."

"అంటే బతికే ఉందమ్మా."

"ఆ ఫోను ఆ పిల్ల చేతిలోనే ఉందని ఎవరు చెప్పారు?"

జయప్రకాశ్ తలుపు తోసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అనేశాక తనకే ఆ మాట నచ్చనట్టు ముఖం తిప్పుకున్నాడు. గదిలో ముగ్గురూ ఆ తెర వైపే చూశారు. ఇంకో పేరు మీద నలుపు తగ్గింది.

"అయితే తీసేస్తే నయం కదా. చదవడానికే ఉండదు" అన్నాడు జయప్రకాశ్.

"ఇది తీసేస్తే కళ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది బాబాయ్?"

అతను హాల్లోకి వెళ్లిపోయాడు.

వెంకటనారాయణ కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గొంతు తనది, రూపం నీది. ఇద్దరూ అనుకునే చేశారన్నావు నిన్న. మరి ఈ మామిడికాయ?"

"దానికి తెలియదు." సాహిత్య ఆయన వైపు చూడకుండా చెప్పింది. "మొదట్లో రాత్రిళ్లు అది అడవి కబుర్లు చెబితే రికార్డు చేసేదాన్ని. నా మొహం వద్దు, గొంతు తీసుకో అనేది. హాస్టల్లో దాని రంగు మీద జోకులేసేవాళ్లు. అందుకని పూసలు, చీర తెచ్చిచ్చింది. నేను తువ్వాలు కట్టుకుని నిలబడేదాన్ని. ఆ ఆదివారం కళ బస్సెక్కాక మన తోటలోనే తీశాను. పాత రికార్డింగులో చింతకాయ గురించి చెప్పింది, పుల్లగుంటది, పళ్లు జివ్వుమంటయని. అది తెచ్చి మామిడికాయ మీద పెట్టాను. నెల రోజుల దాకా దాచాను. రెండు వారాలుగా కొత్తదేమీ లేక చూసేవాళ్లు తగ్గిపోతుంటే, పోయిన శుక్రవారం పెట్టాను."

"పండుగ సంగతి నీ ముందే చెప్పింది కదమ్మా."

"విన్నాను. నాకు అది అన్నం దగ్గర మాట అనిపించింది నాన్నా. ఫోన్‌లో కూడా అంతే పట్టింపు అనుకోలేదు."

బయట నాగక్క దగ్గింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నా పేరుతో కూడా పెట్టాను, అంతకుముందు" అంది సాహిత్య. "అమ్మ గురించి. ముప్పై నాలుగు మంది చూశారు. మోదుగుపూవుకి లక్షా ఎనభై వేల మంది. మొహానికి తువ్వాలు కట్టుకోగానే నాకు ఎక్కడలేని మాటలూ నవ్వులూ వచ్చేవి. నేను కాకుండా ఉంటేనే బాగుండేది. ఈ ఇంట్లో మనిద్దరం కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్లయింది నాన్నా?"

ఆయన దగ్గర లెక్క ఉంది. చెప్పలేదు.

"మోదుగుపూవును నేనూ చూసేవాణ్ణమ్మా" అన్నాడు చివరికి. "పొద్దున పాలు కాగేలోపు. ఎవరో తెలియదు. ఆ పిల్ల నా ముందు ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు, గొంతు పట్టుకోలేకపోయాను. చేతులు నీవని కూడా పోల్చుకోలేకపోయాను. ఆ మామిడికాయ వీడియోకు కూడా గుండె గుర్తు నొక్కాను."

సాహిత్య తలెత్తింది. "బోటనీ మాస్టారు అని ఒకాయన... మోదుగు శాస్త్రీయ నామం రాసి, ఇది తెలుసుకోవలెను అని పెట్టాడు..."

"నేనే."

"కళ ఆ కామెంట్ వంద మందికి చూపించుంటుంది నాన్నా! మన ఫ్యానొకాయన పరీక్ష పెట్టేట్టున్నాడు అని..." నవ్వు మొదలై సగంలోనే ఏడుపైంది. ఆయన చెయ్యి చాచి కూతురి తల మీద పెట్టాడు. భార్య పోయిన ఈ మూడేళ్లలో అది మొదటిసారేమో. ఆమె తల పక్కకు తీసుకోలేదు.

"లే అమ్మా. వెళ్లి ఆ ముసలమ్మకు చెబుదాం."

"నువ్వు చెప్పవా నాన్నా?"

"నా గొంతుతో చెబితే మళ్లీ అదే అవుతుంది."

*

హాల్లో జయప్రకాశ్ అడ్డుగా నిలబడ్డాడు కానీ చెయ్యి పట్టుకోలేదు. సాహిత్య అతని పక్కనుంచి వెళ్లింది. వరండా గచ్చు మీద నాగక్కకు ఎదురుగా కూలబడింది.

"అవ్వా, ఆ చెయ్యి నాది."

"ఏ చెయ్యి బిడ్డా?"

"మామిడికాయ తెంపిన చెయ్యి. కొరికింది నేను. పూసలు వేసుకున్నది నేను. కళ గొంతు పాతది, వేరే దాని గురించి మాట్లాడింది. నేను తెచ్చి అతికించాను. దానికి తెలియదు."

దూలయ్య స్తంభానికి ఆనుకున్నవాడు అలాగే జారి కింద కూర్చున్నాడు.

"చూయించు" అంది నాగక్క.

సాహిత్య వీడియో పెట్టింది. తువ్వాలు కట్టిన ముఖం, పూసలు, కొమ్మ వైపు చాచిన చెయ్యి. కళావతి గొంతు నవ్వింది. మూడు రోజులుగా ఎక్కడా వినపడని ఆ గొంతు వరండా అంతా పరుచుకుంది.

"ఇంకోసారి."

మళ్లీ చూసింది. మూడోసారి సాహిత్య చెయ్యి లాక్కుని, తెర మీది చేతి పక్కన పెట్టి చూసింది. పొడుగు వేళ్లు, ఎండ సోకని మణికట్టు.

"ఊరు ఊరంత గొంతే విన్నది. చెయ్యి ఎవ్వరు చూడలే" అంది. "నేను గూడ చూడలే."

"నా బిడ్డ అబద్ధం ఆడలే" అన్నాడు దూలయ్య నేలకేసి చూస్తూ. "ఆడలే అమ్మా. కొట్టిన." తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు, అది ఇంకా ఎవరినో కొడుతుందేమో అన్నట్టు.

ఇప్పుడు వెంకటనారాయణ తన దగ్గరున్న ఆ ఒక్క మాట చెప్పాడు. "ఆ రోజు మా ఇంట్లో పప్పు వడ్డిస్తే కూడా ముట్టలేదమ్మా. నేను చూశాను."

"ముట్టదు సారూ. నేను సాదిన పిల్ల. నాకెరుకే."

"మరి ఆ రోజు పెద్దల ముందు..."

"నాకెరుకైతే సాల్తదా? అందరు ఫోన్ చూసినంక ముసల్దాని మాట ఎవరింటరు? నోరు తెరవాలని లేవబోయిన. భయమైంది. కూసున్న." ఆమె సాహిత్య చెయ్యి వదిలేసింది. "నువ్వొక్కదానివే కాదు బిడ్డా దాన్ని ఒంటిగ వదిలింది."

దూలయ్య లేచి బండి తాళం తీశాడు. సాహిత్య వైపు చూడలేదు. "కొత్తగూడెం రైలు స్టేషన్ల చూడలే. పోయొస్త. అమ్మా, నువ్వీడనే ఉండు. పొద్దుగాల ఈ పిల్లను తీసుకొని ఊరికి రా."

"వస్తది" అంది నాగక్క. "మా ఊళ్లె నడుమ నిలబడి నీ నోటితోని నువ్వే చెప్పాలె. తువ్వాల లేకుంట. వస్తవా?"

లక్షా ఎనభై వేల మంది ముందు ఆడిన పిల్ల, నలభై గడపల ఊరి పేరు చెప్పగానే రంగు మారిపోయింది.

"నన్నేం చేస్తారవ్వా?"

"ఏం చేస్తరో నాకు గూడ ఎరుకలే."

"నేనూ వస్తాను" అన్నాడు వెంకటనారాయణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పొండి. పోయి కాళ్లు పట్టుకోండి, కాదనను" అన్నాడు జయప్రకాశ్. "ఊరి మాట ఊళ్లోనే తేల్చుకుని రండి. ఫోన్‌లో మాత్రం పెట్టొద్దు."

"దాన్ని తిట్టింది ఫోన్‌లో కదా బాబాయ్" అంది సాహిత్య. "అది చదువుతోంది కూడా అక్కడే. రేపు పొద్దుటిదాకా ఎన్ని చదువుతుందో."

"నీ మొహం, నీ పేరు, నీ ఊరు, అన్నీ చూస్తారే! ఇవాళ దాన్ని తిట్టినవాళ్లే రేపు ఈ గేటు ముందుకొస్తారు!"

జయప్రకాశ్ చెప్పులు వేసుకుని, "నా మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారు గనక" అంటూ వెళ్లి కారు తీశాడు.

*

సాహిత్య ముఖం కడుక్కుని వచ్చి ఫోనును కిటికీకి ఆనించింది. ఫోను తనంతట తనే ఆమె ముఖాన్ని తెల్లగా, నున్నగా, కళ్లను పెద్దవిగా చేస్తోంది. ఆ సోకు ఎక్కడ తీసెయ్యాలో వెతకడానికి రెండు నిమిషాలు పట్టింది. తీసేశాక తెరలో కనపడింది ఏడ్చి ఉబ్బిన కళ్లు, గడ్డం మీద మొటిమ, తల్లి ముక్కు. వెంకటనారాయణ ఆ ముఖాన్ని చాలా రోజుల తర్వాత చూస్తున్నాననుకున్నాడు.

మొదటిసారి మాట రాలేదు. రెండోసారి పేరు చెప్పి ఆగిపోయింది. మూడోసారి నాగక్క పక్కనుంచి, "ఊళ్లె చెప్పేది ఈడ్నే నేర్సుకో" అంది. ఆ కరుకు మాట ఎలా పనిచేసిందో గానీ, సాహిత్య ఊపిరి పీల్చుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నా పేరు సాహిత్య. మోదుగుపూవు అని మీరు చూసిన మనిషిని నేను. ఆ గొంతు నాది కాదు. ఆ గొంతున్న అమ్మాయి ఆ కాయ తినలేదు. తనకు తెలియకుండా నేనే తిని, నేనే తన మాటలు అతికించాను. తిట్టేవాళ్లు నన్ను తిట్టండి. కళా, నువ్వు ఇది చూస్తుంటే..." ఇక్కడ ఫోనుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "రేపు పొద్దున మీ ఊరికి వస్తున్నాను. నువ్వు చెప్పింది నిజమని చెప్పడానికి."

ఏడూ పదికి పెట్టేసింది. మామిడికాయ వీడియో ఉన్న ఆ అకౌంటులోనే.

ఐదు నిమిషాల్లో కామెంట్లు మొదలయ్యాయి. ఇదో నాటకం అన్నాడొకడు. ఇంకొకడు ఇంటిపేరు అడిగాడు. ఇంకెవరో పెనుబల్లి మండలమే కదా అని రాశాడు. సాహిత్య చదవడం ఆపేసి కళావతికి తన సొంత అకౌంటు నుంచి ఒకే ఒక్క మాట పంపింది: చూశావా?

చూసినట్టు గుర్తు పడింది.

జవాబు రాలేదు. నాలుగు నిమిషాలు. ఐదు. ఉన్నట్టుండి మోదుగుపూవు పేజీ తెల్లగా అయిపోయి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. సాహిత్య కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది.

"మార్చేశారు."

"ఎవరు?" అన్నాడు వెంకటనారాయణ.

సాహిత్య ఇంకోసారి కొట్టి చూసింది.

"అంటే ఏంది?" అంది నాగక్క.

"నన్ను బయటికి నెట్టేసింది అవ్వా. ఇక నేను అందులోకి పోలేను. ఇప్పుడు అది దానిదే."

"మంచిదే గదా. దానిది దానికి చేరింది."

దానికే చేరిందా అన్న ప్రశ్న తండ్రీకూతుళ్లిద్దరి గొంతుల్లోనూ ఉంది. ముసలామె ముందు ఎవరూ బయటికి తీయలేదు. వెంకటనారాయణ దూలయ్యకు ఫోన్ చేశాడు. స్టేషన్లో లేదట. ప్లాట్‌ఫారం చివరిదాకా చూశానన్నాడు. బస్టాండుకి పోతున్నానన్నాడు.

ఆయన వంటింట్లోకి వెళ్లి చారు కాచాడు. చేతులకు ఏదో ఒక పని ఉంటే బాగుండనిపించింది. నాగక్క ఆ ఇంట్లో తింటుందో తినదో అని భయపడుతూనే మూడు కంచాలు పెట్టాడు. ఆమె కాసేపు కంచాన్ని చూసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నాలుగు ముద్దలు తిని, సాహిత్య కంచంలో అన్నం అలాగే ఉండటం చూసి, "తిని ఏడువు" అంది. సాహిత్య తిన్నది. మూడు రోజుల్లో ఆ పిల్ల కడుపు నిండా తినడం అదే మొదలు.

ఎనిమిదిన్నరకు హాల్లో చాప వేశాడు. మంచం ఇస్తే నాగక్క వద్దంది. సాహిత్య వచ్చి ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంది.

"నీ మీద కోపం పోలె నాకు" అంది నాగక్క, చీకట్లో.

"తెలుసవ్వా."

"అటుండకు, ఇటు రా. కాళ్లు తగుల్తయి నీకు."

వెంకటనారాయణ వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. లోపల్నుంచి కూతురి ఊపిరి నెమ్మదించడం వినపడుతోంది. పామాయిల్ తోట వైపు నుంచి గాలి వస్తోంది. రోడ్డు మీద ఒక ట్రాక్టరు పోయింది. గేటు దగ్గర ఆగకుండా పోయినందుకు ఆయన మనసులోనే దాని డ్రైవరుకు దండం పెట్టుకున్నాడు. పొద్దున ఆరింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకు తునికిలొద్ది చేరతారు. అక్కడ ఏం జరుగుతుందో ఊహించబోయి, ఆపేశాడు.

ఒళ్లోని ఫోను ఒక్కసారి కొట్టుకుంది.

ఎన్నాళ్లుగానో ఆయన చూస్తున్న పేజీ కాబట్టి, కొత్తది ఏది వచ్చినా ఆయనకు తెలియజేస్తుంది. మోదుగుపూవు ఒక ఫోటో పెట్టింది. కింద మాట లేదు, పేరు లేదు. పెట్టి నిమిషం కూడా కాలేదు.

చీకటి. చీకటి మధ్యలో ఒక వరండా దీపం. నాలుగు మెట్లు. ఒక స్తంభం పక్కన కుర్చీలో, బనియనుతో, ఒళ్లోకి తల వంచుకుని కూర్చున్న ఒక మనిషి. అతని వెనక బార్లా తెరిచి ఉన్న తలుపు.

ఆ బనియను భుజం దగ్గర చిన్న చిరుగు కూడా కనపడుతోంది.

ఆయన తలెత్తలేదు. తలెత్తితే అవతల ఉన్నదెవరైనా తను చూశాడని తెలిసిపోతుంది. ఫోటో తీసిన చోటు ఎక్కడో మాత్రం లెక్కగట్టాడు. గేటుకు అవతల, కాలవ గట్టు మలుపు. ఇరవై గజాలు. అక్కడ ఉన్నది మూడు రోజులు తిరిగి తిరిగి, సాహిత్య ముఖం ఉన్న వీడియో చూసి, ఇంతదూరం వచ్చి, గేటు తియ్యడానికి ధైర్యం చాలని పిల్ల కావచ్చు. ఆ పిల్ల ఫోను చేతిలో ఉన్న ఇంకెవరైనా కావచ్చు. కేక వేస్తే మొదటిది పారిపోతుంది. కేక వేయకపోతే రెండోది లోపలికి వస్తుంది.

ఆయన నెమ్మదిగా, ఒళ్లు విరుచుకుంటున్న మనిషిలా లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి లోపలికి చూశాడు. సాహిత్య నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. నాగక్క చెయ్యి ఆమె వీపు మీద ఉంది. మూడు రాత్రుల తర్వాత పట్టిన నిద్ర. లేపబుద్ధి కాలేదు.

గూట్లో ఉన్న టార్చి తీసుకున్నాడు. వెలిగించలేదు. బయటికి వచ్చి, తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, బయటి గడియ పెట్టి, గేటు వైపు మెట్లు దిగాడు.